స్టైన్‌బర్గ్ గుహలోని రైటిక్ రాత: ఎంతవరకు చదవగలం, ఎంతవరకు అర్థం చెప్పగలం

మీ ప్రశ్న సారాంశం ముందు ఇక్కడ పెడతాను, కొత్తగా వచ్చి చదివేవాళ్ళకు పనికొస్తుంది. మీరు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నారు. సెలవులో ఆస్ట్రియా వైపు టిరోల్ కొండల్లో నడకకు వెళ్ళినప్పుడు, స్టైన్‌బర్గ్ ఆమ్ రోఫాన్ ఊరికి పైన ష్నైడ్‌యోఖ్ దగ్గర ఒక చిన్న గుహ గోడ మీద చెక్కిన గీతలు చూసి ఫోటోలు తీశారు. కొన్ని అక్షరాలు అశోకుడి బ్రాహ్మీలా కనిపించాయి. ఒక వీడియోలో ఇది సంస్కృతం అన్నారు, దాని కింద వ్యాఖ్యల్లో ఒకరు తెలుగే అన్నారు. ఇది ఏ లిపి, ఎలా చదువుతారు, అర్థం తెలిసిందా అని అడిగారు. రెండో ఫోటోలో ఉన్న విడి గీతల సంగతి కూడా అడిగారు. అది ఆఖర్లో చెప్తాను.

సూటిగా చెప్పాలంటే, భాష రైటిక్. లిపి ఉత్తర ఇటలీలో ఎట్రుస్కన్ (రోమన్ల కన్నా ముందు ఇటలీలో వెలిగిన జాతి) అక్షరమాల నుంచి పుట్టిన లిపుల్లో ఒకటి. అక్షరాలు దాదాపు అన్నీ చదవగలం. భాషలో మాత్రం మాటల అర్థాలు తెలిసినవి చాలా తక్కువ. అయినా ఈ గుహలోని ముఖ్యమైన వరుసలు ఏం చెప్తున్నాయో గట్టిగానే చెప్పగలం. ఎందుకంటే వాటిని తెరిచింది నిఘంటువు కాదు, ప్రత్యయాలు. ఈ సమాధానంలో ఎక్కువ భాగం ఆ ప్రత్యయాల గురించే రాస్తాను, అసలు విషయం అక్కడే ఉంది.

ముందు మనుషుల గురించి రెండు మాటలు. రైటీ అని రోమన్లు పిలిచినవాళ్ళు ఆల్ప్స్ తూర్పు భాగంలో ఉండేవాళ్ళు. ఇప్పటి లెక్కలో ఆస్ట్రియాలోని టిరోల్, ఇటలీలోని దక్షిణ టిరోల్, ట్రెంటీనో, వెనెటో అంచులు. క్రీ.పూ. 15లో అగస్టస్ సవతి కొడుకులు డ్రూసస్, టైబీరియస్ దండెత్తి ఈ కొండలను రోమ్ కింద కలిపేశారు. ఆ తర్వాత ఈ భాషలో రాత ఆగిపోయింది. అంతకు ముందు సుమారు క్రీ.పూ. 6వ శతాబ్దం నుంచి క్రీ.పూ. 1వ శతాబ్దం దాకా రాసినవి 300కు పైగా దొరికాయి. అంకె పెద్దదిగా వినిపిస్తుంది గానీ వాటిలో చాలావాటి మీద ఉన్నది ఒకటి రెండు అక్షరాలే. వాక్యం అనదగ్గవి కొన్నే. ఎక్కువ భాగం కంచు వస్తువుల మీద, జింక కొమ్ముల మీద, ఎముకల మీద ఉన్నాయి. నాన్ లోయలోని సాన్‌జేనోలో కంచు మొక్కుబడి వస్తువులు, విచెంజా దగ్గర మాగ్రేలో రాతలున్న జింక కొమ్ములు దొరికాయి. కొండరాతి మీద చెక్కినవి అరుదు. ఈ స్టైన్‌బర్గ్ గుహ, దానికి దగ్గర్లోని అఖెన్‌కిర్ఖ్, బవేరియాలో ఉంటెరామ్మెర్‌గావ్ అలాంటి చోట్లు. మీరు అనుకోకుండా వెళ్ళి చూసిన చోటు అంత అరుదైనది.

ఒక గందరగోళం ముందే తీసేయాలి. స్విట్జర్లాండ్‌లో మాట్లాడే రోమాన్ష్‌నూ, దాని చుట్టాలనూ రైటో-రొమాన్స్ భాషలంటారు. ఆ పేరు చూసి రైటిక్ ఇంకా బతికే ఉందని కొందరు రాస్తుంటారు. అవి లాటిన్ సంతానం. రోమన్ రాష్ట్రం రైటియా పేరు వాటికి అంటుకుంది, అంతే. వాటిని పట్టుకుని ఈ రాతను చదవలేం.

ఇక బ్రాహ్మీ పోలిక. మీకు అలా అనిపించడంలో తప్పేమీ లేదు. బ్రాహ్మీలో కూడిక గుర్తు ఆకారం ‘క’. గొడుగులా మడిచిన రెండు గీతలు ‘గ’. వృత్తం మధ్యలో చుక్క ‘థ’. ఎట్రుస్కన్ కుటుంబపు లిపుల్లోనూ అడ్డుగా కలిసిన రెండు గీతలు కనిపిస్తాయి, కానీ అక్కడ దాని విలువ ‘త’. గొడుగు ఆకారం లిపిని బట్టి ‘ఉ’ కావచ్చు, ‘ల’ కావచ్చు. చుక్క ఉన్న వృత్తం మాత్రం అక్కడా ‘థ’ లాంటి ధ్వనికే వాడారు. ఈ ఒక్కటీ ఎందుకు కలిసిందని అడగడం న్యాయమే. బ్రాహ్మీ అక్షరాల్లో చాలావాటిని పశ్చిమాసియాలోని సెమిటిక్ లిపుల నుంచి రాబట్టిన లిపి పరిశోధకుడు బ్యూలర్, ఈ ‘థ’ను కూడా అక్కడి నుంచే వచ్చిందన్నాడు. గ్రీకుల అక్షరమూ సెమిటిక్ లిపే అయిన ఫినీషియన్ నుంచి వచ్చింది, ఎట్రుస్కన్లు దాన్ని గ్రీకుల నుంచి తీసుకున్నారు. బ్యూలర్ మాట ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఇక్కడ తేలేది ఒక్కటే. ఉలితో రాతి మీద గీయగలిగే తేలికైన ఆకారాలు కొన్నే ఉంటాయి, అందుకే అవి ప్రతి లిపిలోనూ వస్తాయి. ఒక ఆకారం కలిసిందని లిపి కలిసినట్టు కాదు. రెండు లిపుల్లో అక్షరాలు వరసగా అవే విలువలతో కలిస్తేనే చుట్టరికం గురించి మాట్లాడాలి. ఇక్కడ అది కుదరదు. ఈ రాతను బ్రాహ్మీ విలువలతో చదివితే ఏ భాషా రాదు.

ఇప్పుడు రాయి దగ్గరికి వద్దాం. మొదటి పని చదవడం కాదు, గీత ఏది, పగులు ఏది అని విడదీయడం. రోఫాన్ కొండలు సున్నపురాయి. సున్నపురాతిని నీళ్ళు కరిగించి గాడులు చేస్తాయి, చలికి రాయి పగులుతుంది, పైన నాచు పడుతుంది. మీ మొదటి ఫోటోలో ఎడమ చివర నిలువుగా ఒక గీత ఉంది కదా, దాన్ని మీరు ‘ఇ’ అనుకున్నారు. ఆ గీతను కిందికి వెంబడించండి. అది వరుస దాటి, కింది వరుసను కూడా కోసుకుంటూ సన్నబడి పోతుంది. మనిషి చెక్కిన గీతకు మొదలు, తుది ఉంటాయి. లోతు చివరిదాకా దాదాపు ఒకేలా ఉంటుంది. పనిముట్టు తిరిగిన చోట అంచు కాస్త విరుగుతుంది. పక్క గీతల ఎత్తుతో సరిపోతుంది. ఈ నాలుగూ లేని గీతను అక్షరమని రాసుకోవద్దు. కొండల్లో మరో చిక్కు కూడా ఉంది. నడకకు వచ్చినవాళ్ళు వందల ఏళ్ళుగా పేర్ల పొడి అక్షరాలు, సంవత్సరాలు, శిలువలు చెక్కుతూనే ఉన్నారు. వాటి రంగు సాధారణంగా లేతగా ఉంటుంది, పాత గీతల్లో రాయి మాత్రం పక్క ఉపరితలంతో కలిసిపోయి ఉంటుంది. రంగు ఒక్కటే చాలదు, కానీ మొదటి వడపోతకు పనికొస్తుంది.

ఫ్లాష్ వేసి ఎదురుగా తీసిన ఫోటో ఇలాంటి రాతలకు పనికిరాదు. ఎదురు వెలుగు గీతల నీడను చంపేస్తుంది. వెలుగు గోడకు దాదాపు అంటుకున్నట్టు పక్క నుంచి పడాలి. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి, పై నుంచి, కింది నుంచి విడివిడిగా తీయాలి. నిలువు గీత పక్క వెలుగులో తేలుతుంది. అడ్డగీత పై వెలుగులో తేలుతుంది. రెండూ ఒకే ఫోటోలో రావు. ఇప్పుడు కెమెరాను కదపకుండా వెలుగును చుట్టూ తిప్పి తీసిన ఫోటోలను కంప్యూటర్‌లో కలిపే పద్ధతి ఉంది, అనేక కోణాల ఫోటోలతో త్రిమితీయ నమూనా చేసే పద్ధతీ ఉంది. మన దగ్గర శాసనాల మీద తడి కాగితం పరిచి, కుచ్చుతో కొట్టి, సిరా అద్ది ఎస్టాంపేజీ తీయడం అలవాటు. ఇక్కడ ఆ పని చేయొద్దు. నాచు గీకొద్దు, సుద్దముక్కతో గీతలు దిద్దొద్దు, బ్రష్‌తో తోమొద్దు. సుద్దతో దిద్దినవాడు తాను చూసినదాన్నే రాతి మీద రాసిపోతాడు. తర్వాత వచ్చినవాడికి ఆ అభిప్రాయమే అక్షరంగా కనిపిస్తుంది.

చేత్తో బొమ్మ గీయడం మాత్రం మానొద్దు. అచ్చయిన పాఠం చూడకముందే గీయాలి. ఒకసారి పాఠం చదివాక కన్ను ఆ అక్షరాలనే వెతుకుతుంది. స్పష్టంగా ఉన్నదాన్ని నిండు గీతతో, అనుమానంగా ఉన్నదాన్ని చుక్కల గీతతో గీయండి. పాఠంగా రాసేటప్పుడు సందేహమున్న అక్షరం కింద చుక్క పెట్టడం, పోయిన భాగాన్ని చదరపు బ్రాకెట్లలో ఉంచడం శాసన పరిశోధకుల అలవాటు. ఈ గుర్తులు చూస్తే పాఠంలో ఎంత రాయిదో, ఎంత పరిష్కర్తదో తెలుస్తుంది.

తర్వాత దిశ. రైటిక్ రాతలు ఎక్కువగా కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అసమాన అక్షరాలు ముఖం ఎటు తిప్పుకున్నాయో చూస్తే దిశ తెలుస్తుంది. ‘ఎ’ అక్షరానికి మూడు అడ్డుచేతులుంటాయి. అవి రాత నడిచే వైపు చాచి ఉంటాయి. ‘క’ చేతులూ అంతే. మీరు ఎడమ నుంచి చదివారు కాబట్టే మీకు ఏ మాటా దొరకలేదు. దిశ విషయంలో మనవాళ్ళకు ఆశ్చర్యం అక్కర్లేదు. కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి అశోకుడి చిన్న శిలాశాసనంలోనే కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి.

అక్షరాల విలువల దగ్గర ఒక్క జాగ్రత్త. రైటిక్ రాయడానికి రెండు ప్రధాన అక్షరమాలలున్నాయి. ఒకటి సాన్‌జేనో పేరుతో, ఒకటి మాగ్రే పేరుతో. తేడా కొద్ది అక్షరాలదే గానీ అవి చిక్కు తెచ్చేవి. ముఖ్యంగా ‘ఉ’, ‘ల’, ‘ప’. ఒక అక్షరమాలలో నిటారుగా ఉన్నది ఇంకోదానిలో తలకిందులై ఉంటుంది. అందుకే ఏ ప్రాంతపు లిపో తేల్చకుండా గొడుగు ఆకారాన్ని ‘ఉ’ అనో ‘ల’ అనో రాసేస్తే పేరు మొత్తం మారిపోతుంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటంటే, ఎట్రుస్కన్‌లో లాగే ‘ఒ’ లేదు, ‘గ’, ‘ద’, ‘బ’ లాంటి నాదాలకు వేరే అక్షరాలు లేవు. స్వరాలు నాలుగే: అ, ఎ, ఇ, ఉ. మరో సంగతి, దగ్గర్లోని వాల్ కమోనికాలో వేల రాతిబొమ్మల మధ్య కనిపించే కామూనిక్ రాతలను ఒకప్పుడు రైటిక్‌తో కలిపి చూసేవాళ్ళు. వాటి లిపి వేరు, భాష ఏ కుటుంబమో తేలలేదు. అందుకే ఫోటో పంపేవాళ్ళను నేను మొదట అడిగేది ఏ లోయ అని.

ఇక వరుసలు. ఈ గుహలోని రాతలు 1957లో వెలుగులోకి వచ్చాయి, అదే ఏడాది భాషావేత్త ఎమిల్ ఫెట్టర్ వాటిని ప్రకటించాడు. లోపల ఒక ఊట ఉంది. గోడ మీద ఉన్నవాటిలో బాగా నిలిచిన మూడింటిని తెలుగు అక్షరాల్లో ఇలా రాయొచ్చు:

కస్త్రియెసి ఎథున్నుఅలె
ఎసిమ్నెసి కస్త్రినుఅలె
రితలియెసి కస్త్రినుఅలె

అర్థం గురించి ఆలోచించకుండా కాసేపు వీటిని చూస్తూ ఉండండి. మూడింటిలోనూ మొదటి మాట ‘సి’తో ముగుస్తుంది. రెండో మాట ‘నుఅలె’తో ముగుస్తుంది. ‘కస్త్రి’ అనే ముక్క మొదటి వరుసలో మొదటి మాటలో ఉంది, మిగతా రెండింటిలో రెండో మాటలోకి వెళ్ళింది. రాతిలో ఇంత క్రమం అనుకోకుండా రాదు. ఇదే మనకు దొరికిన తాళంచెవి.

‘నుఅలె’ను ఒక విడి మాటగా, ఏదో క్రియగా తీసుకోవచ్చు కదా అని అడగొచ్చు. రాతి మీదున్నది మాత్రమే చూస్తే అదీ సాధ్యమే. అందుకే వేరే వస్తువులతో సరిచూడాలి. సెంబ్రా లోయలో 1825లో దొరికిన కంచు బిందె మీద రైటిక్ రాత ఉంది. అందులో ఫెల్న వినుతలిన అనే ఆడపేరు వస్తుంది. అక్కడ ‘న’ ఉంది, ‘అలె’ లేదు. అదే బిందె మీద వెల్ఖను అనే మాట ‘ను’తో ముగుస్తుంది, దాని వెనకా ‘అలె’ లేదు. ఇలాంటివి ఎన్నో చోట్ల కనిపిస్తాయి. అంటే ‘ను’, ‘న’ అనేవి పేరుకు అంటుకునే ముక్కలు. ‘ను’ మగవాళ్ళకు, ‘న’ ఆడవాళ్ళకు. తండ్రి పేరుకు ఇది చేర్చితే ఫలానావాడి కొడుకు, ఫలానావాడి కూతురు అని అర్థం. ఇక మిగిలిన ‘అలె’ వేరే ప్రత్యయం. అప్పుడు వరుస ఇలా విడిపోతుంది: కస్త్రియె-సి, ఎథున్-ను-అలె.

ఇప్పుడు ‘సి’, ‘అలె’ ఏమిటి? ఇక్కడ ఎట్రుస్కన్ సాయం చేస్తుంది. ఎట్రుస్కన్‌లో ‘యొక్క’ అనే అర్థానికి రెండు ప్రత్యయాలున్నాయి. కొన్ని పేర్లకు ‘స్’, కొన్నింటికి ‘ల్’. ఈ రెంటి మీద మరో ప్రత్యయం ఎక్కితే ‘సి’, ‘అలె’ అనే రూపాలు వస్తాయి. అవి ఎవరికి ఇచ్చారు, ఎవరి కోసం చేశారు అని చెప్తాయి. కర్మణి క్రియతో వస్తే ఎవరి చేత అనీ చెప్తాయి. వెనెల్ అనే మనిషికి ఇచ్చినప్పుడు వెనెలిసి. రెండు భాషల్లోనూ అవే రెండు ప్రత్యయాలు, అదే జోడీగా, అదే పనికి.

నాకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యంగా కనిపించేది ఎట్రుస్కన్ కూడా కాదు, లెమ్నోస్. గ్రీస్‌లోని ఆ దీవిలో 1885లో ఒక శిల దొరికింది. అది క్రీ.పూ. 6వ శతాబ్దానిది, ఇప్పుడు ఏథెన్స్ జాతీయ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. దాని మీద హొలయెసి ఫొకియసియలె అని ఉంది. హొలయె అనే మనిషి, ఫొకేయా ఊరివాడు. మొదటి మాటకు ‘సి’, దాన్ని వివరించే రెండో మాటకు ‘అలె’. ఇప్పుడు దాని పక్కన కస్త్రియెసి ఎథున్నుఅలె పెట్టి చూడండి. లెమ్నోస్ దీవి ఏజియన్ సముద్రంలో. స్టైన్‌బర్గ్ ఆల్ప్స్ కొండల్లో. మధ్యలో ఇటలీ, బాల్కన్ దేశాలు. వాక్యంలో రెండు మాటల కట్టు మాత్రం ఒకే అచ్చు. మాటలు అరువు తెచ్చుకోవడం మామూలే, కానీ పేరుకు ఒక ప్రత్యయం, విశేషణానికి ఇంకో ప్రత్యయం అనే ఇంత సున్నితమైన పొందికను ఎవరూ అరువు తెచ్చుకోరు. 1998లో భాషావేత్త హెల్మట్ రిక్స్ ఇలాంటి వ్యాకరణ సాక్ష్యాలన్నీ పేర్చి, ఎట్రుస్కన్, రైటిక్, లెమ్నోస్ భాష ఒకే కుటుంబమని చూపించాడు. ఆ కుటుంబానికి తిర్సేనియన్ అని పేరు. అంతకు ఎంతో ముందే రోమన్ చరిత్రకారుడు లివీ కూడా రైటీలు ఎట్రుస్కన్ల సంతతే అని, కొండల్లో పడి మోటుబారిపోయారని, పాత భాష ధ్వని ఒక్కటే, అదీ చెడిపోయి, మిగిలిందని రాశాడు. వలస ఎటు నుంచి ఎటు జరిగిందనే కథ లివీది, దాన్ని నమ్మాల్సిన పని లేదు. భాషలు దగ్గర చుట్టాలన్న మాట మాత్రం రాళ్ళు చెప్తున్నాయి.

ఇక ఈ మూడు వరుసలు కలిపి చదివితే: ఎథున్ కొడుకు కస్త్రియె. కస్త్రియె కొడుకు ఎసిమ్నె. కస్త్రియె కొడుకు రితలియె. ఒకే గుహ గోడ మీద తాత పేరు, తండ్రి, ఇద్దరు కొడుకులు. మూడు తరాలు. నేను ఈ భాష పట్టుకుని కూర్చోవడానికి ఇలాంటి క్షణాలే కారణం. నిఘంటువులో ఒక్క మాట లేదు, అయినా ఒక కుటుంబం కళ్ళ ముందు నిలబడుతుంది. కస్త్రియె అనే పేరు అప్పట్లో ఆ కొండల్లో ఎంతమందికి ఉందో మనకు తెలియదు కాబట్టి, మూడు వరుసల్లోనూ ఒకే కస్త్రియె అని ప్రమాణం చేయలేం. కానీ ఒకే గోడ, ఒకే రకం వాక్యం, అదే పేరు. ఒకే ఇంటివాళ్ళు అనుకోవడమే సహజం.

రెండు చిన్న సంగతులు గమనించండి. తండ్రి పేరు కస్త్రియె అయినా కొడుకు మాటలో కస్త్రిను అని వచ్చింది, కస్త్రియెను కాదు. అంటే ‘ఎ’ చివరి ముక్క, పేరు మొదలు కస్త్రి. అందుకే తాత పేరును నేను ఎథున్ అని మొదలు వరకే రాశాను. ఆయన్ని ఇంట్లో ఏ రూపంలో పిలిచారో ఈ రాత చెప్పదు.

రెండోది పేర్ల పుట్టుక. ఎసిమ్నె అనే పేరును కెల్టిక్ పేరు ఎక్సొబ్నోస్‌తో, అంటే భయం లేనివాడు అనే పేరుతో కలుపుతూ ప్రతిపాదన ఉంది. అలాగైతే ఇది కెల్టిక్ రాతే కదా అని వెంటనే అడుగుతారు. కాదు. ఒక కాగితం మీద ‘జోసెఫ్‌కి’ అని ఉంటే జోసెఫ్ ఎక్కడి పేరో ఎవరూ అడగరు, ఆ ‘కి’ని చూసి అది తెలుగు కాగితమని చెప్తారు. ఇక్కడా అంతే. పేరు ఎక్కడిదైనా, దాని వెనక ఉన్న ‘సి’, ‘నుఅలె’ రైటిక్. ఆల్ప్స్ కొండల్లో కెల్టులు, వెనెటీలు, రైటీలు పక్కపక్కనే బతికారు. పేర్లు దాటి రావడం వింతేం కాదు.

మరి అర్థం ఎక్కడ ఆగుతుంది? ఈ వరుసల్లో క్రియ లేదు. ‘సి’, ‘అలె’ రూపాలు ‘కోసం’ అనీ అవుతాయి, ‘చేత’ అనీ అవుతాయి. కస్త్రియె చేత చెక్కబడింది అనా, కస్త్రియె చేత సమర్పించబడింది అనా, కస్త్రియె కోసం ఇంకెవరో చేశారనా? ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకునే హక్కు మనకు ఈ రాత ఇవ్వదు. కొండల్లో, ఊటనీళ్ళ దగ్గర, ఒకే కుటుంబంవాళ్ళు వరసగా పేర్లు చెక్కారు కాబట్టి అది పూజలు జరిగిన చోటని పురావస్తు శాస్త్రవేత్తలు చూస్తారు, నాకూ అదే సబబనిపిస్తుంది. కానీ అది చోటును బట్టి వచ్చిన నమ్మకం. అక్షరాల్లో దేవుడి పేరు లేదు. ఒకప్పుడు కస్త్రి అనే ముక్కలో గ్రీకు, రోమన్ దేవుడు కాస్టర్‌ను చూసి ఇది కాస్టర్ గుడి అనుకున్నవాళ్ళున్నారు. ‘ను’ ప్రత్యయం తేలిన తర్వాత ఆ మాట నిలవదు. కస్త్రికి కొడుకులున్నారు, కస్త్రికి తండ్రి ఉన్నాడు, వాళ్ళూ అదే గోడ మీద అదే వరుసలో పేర్లు పెట్టించుకున్నారు. దేవుణ్ణి ఈ మనుషుల మధ్య ఇలా ఇరికించలేం.

కొన్ని మాటల అర్థాలు తెలిసినవి లేకపోలేదు. రైటిక్‌లో ‘జినకె’ అనే క్రియ ఉంది, ఎట్రుస్కన్‌లోనూ ‘జినకె’ ఉంది, చేశాడు అనే అర్థంలో. ‘జల్’ రెండింటిలోనూ ఉంది, ఎట్రుస్కన్‌లో దానికి రెండు అనే అర్థం. ‘అఖ్విల్’ అనే మాట ఎట్రుస్కన్ ‘అక్విల్’కు జోడీ. ఎట్రుస్కన్‌లో ‘కు’తో ముగిసే కృదంతాలకు (క్రియ నుంచి పుట్టిన మాటలకు) సమానంగా రైటిక్‌లో ‘ఎలుకు’, ‘ఉతికు’ లాంటివి ఉన్నాయి. ఇంతే కొద్దిమాటలు. వీటిని ఎక్కడపడితే అక్కడ వాడి వాక్యాలు అనువదించేసేవాళ్ళను నమ్మకండి. ఎట్రుస్కనే పూర్తిగా అర్థమైన భాష కాదు.

ఇప్పుడు ఆ వీడియో సంగతి. అందులో మొదటి వరుసను కొన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు సంస్కృత ధాతువు చెప్పారు. నేను అది చూశాను. అందులో ఒకే అక్షరాన్ని మొదటి వరుసలో ‘త’ అని, రెండో వరుసలో ‘క’ అని చదివారు. అలా చదవడానికి వీలుంటే ఏ రాయి మీదైనా ఏ భాషైనా వస్తుంది. తెలుగని చెప్పినవాళ్ళూ అదే దారి పట్టారు. రైటిక్‌లో ప్రత్యయాలు పేరు వెనక అంటుకుంటాయి, తెలుగులోనూ అంటుకుంటాయి, అందుకని చుట్టాలంటున్నారు. ప్రపంచంలో అలా అంటించే భాషలు చాలా ఉన్నాయి, టర్కిష్, జపనీస్ కూడా అంతే. నిజంగా చదివానని చెప్పేవాళ్ళను నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకే అక్షరానికి అన్ని వరుసల్లో ఒకే విలువ ఇచ్చారా? మూడు వరుసల్లోనూ తిరిగి తిరిగి వచ్చే ‘సి’నీ, ‘నుఅలె’నీ ఒకేలా వివరించారా? అదే పద్ధతితో సెంబ్రా బిందె మీది రాతా, మాగ్రే కొమ్ముల మీది రాతలూ చదవగలరా? అర్థం ఆ చోటుకూ, ఆ వస్తువుకూ సరిపోతోందా? మీ వీడియో మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. మన శాసనాల మీద, మన భాష మీద ఇష్టం ఉన్నవాళ్ళకు చేయాల్సిన పని బోలెడు ఉంది. కస్త్రియె కుటుంబానికి వాళ్ళ భాష ఉంది, అది వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి.

మీరే చదివి చూడాలనుకుంటే వియన్నా విశ్వవిద్యాలయం వాళ్ళు రైటిక్ శాసనాలన్నింటినీ ఆన్‌లైన్‌లో పెట్టారు. ప్రతి రాతకూ ఫోటోలు, బొమ్మ, పాఠం, ఇదివరకటి పాఠాంతరాలు ఉంటాయి. స్టైన్‌బర్గ్‌వి అన్నీ వరసగా తెరవండి. ముందు మీ బొమ్మ గీసుకుని, తర్వాత వాళ్ళ బొమ్మతో పోల్చండి. తేడా వచ్చిన చోట వాళ్ళు ఎందుకలా చదివారో వ్యాఖ్యలో ఉంటుంది. ఆ తేడాల దగ్గర గడిపే సమయంలోనే చదవడం వస్తుంది.

ఇక మీ రెండో ఫోటో. అందులో నిలువుగా రెండు గీతలు, వాటి మధ్య ఏటవాలుగా ఒకటి ఉన్నాయి. ఎదురు వెలుగులో తీశారు, కొలత కోసం పక్కన ఏమీ లేదు, గోడలో ఎక్కడ ఉందో తెలియడం లేదు. ‘న’ అక్షరం ఆకారం అలాగే ఉంటుంది, నిజమే. కానీ ఒక్క అక్షరం ఉంటే అది రాత అని కూడా అనలేం. గొర్రెలు కాచేవాళ్ళు లెక్క కోసం గీసినా, పనిముట్టు అంచు తగిలినా ఇలాగే ఉంటుంది. నేను దీనికి ఏ పాఠమూ ఇవ్వను. మళ్ళీ అటు వెళ్తే స్కేలు పక్కన పెట్టి, నాలుగు వైపుల నుంచి పక్క వెలుగుతో, తర్వాత దూరం నుంచి మొత్తం గోడ కనిపించేలా తీయండి. ముట్టుకోవద్దు. వియన్నా వాళ్ళ జాబితాలో ఆ చోట ఏమీ లేకపోతే, ఆస్ట్రియా పురావస్తు కట్టడాల శాఖ బుండెస్‌డెంక్‌మాల్‌ఆమ్ట్‌కు ఫోటోలు, చోటు వివరాలు పంపండి. అవి వాళ్ళకే పంపండి, ఇక్కడ బయట పెట్టకండి. చోటు తెలిస్తే సుద్దముక్కలు పట్టుకుని వెళ్ళేవాళ్ళు ఉంటారు. కొత్త ఫోటోలు వచ్చాక నాకు చూపించండి, గీతల వరకు ఏం కనిపిస్తుందో చెప్తాను.